జె-పౌచ్ శస్త్రచికిత్స

పెద్దపేగును, పురీషనాళాన్ని తీసేసి, చిన్నపేగు కొసతో కడుపులోనే ఒక సంచి కుట్టి, దాన్ని మలద్వారానికి కలిపే ఆపరేషన్ ఇది. పెద్దపేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ మందులకు లొంగనప్పుడు, వంశపారంపర్యంగా పేగు నిండా పుట్టే పాలిప్స్ క్యాన్సర్‌గా మారే ముప్పు ఉన్నప్పుడు దీన్ని చేస్తారు.

చరిత్ర: 1947లో అమెరికాలో రావిచ్, సాబిస్టన్ సంచి లేకుండానే చిన్నపేగును నేరుగా కిందికి దింపి కలిపారు. మలం నిలవడానికి చోటు లేక విరేచనాలు అదుపులోకి రాలేదు. స్వీడన్ సర్జన్ నిల్స్ కాక్ 1969లో లోపలి సంచిని రూపొందించాడు గానీ, పొట్ట మీది రంధ్రంలోంచి గొట్టం పెట్టి దాన్ని ఖాళీ చేసుకోవాలి. 1978లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పార్క్స్, నికల్స్ మూడు మడతల సంచిని మలద్వారానికే కలిపారు. దానికీ చాలామందికి గొట్టం తప్పలేదు. 1980లో జపాన్‌కు చెందిన ఉట్సునోమియా పేగును రెండే మడతలుగా, ఇంగ్లిష్ జె అక్షరంలా కుట్టాడు. చేయడం తేలిక, దానంతట అదే ఖాళీ అవుతుంది. అదే నిలిచింది.

మడత ఒక్కోటి 15-20 సెంటీమీటర్లు ఉంటుంది. కుట్లు మానేదాకా రెండు మూడు నెలలు పొట్ట మీద తాత్కాలికంగా మలం పట్టే బ్యాగ్ పెడతారు.

ఫలితాలు: మొదట్లో విరేచనాలు ఎక్కువే. ఏడాది తిరిగేసరికి సాధారణంగా పగలు ఐదారు సార్లకు, రాత్రి ఒకసారికి సర్దుకుంటాయి. ఈ లెక్క చూసి, ఇంత కోత కోసి సాధించింది ఇదేనా అనిపించవచ్చు. అసలు లాభం ఆపుకోగలగడంలో ఉంది. ఉదాహరణకు, భువనగిరి నుంచి హైదరాబాద్ సుమారు 50 కిలోమీటర్లు. కొలైటిస్ ముదిరినవారికి బీబీనగర్ దాటేలోపే బస్సు దిగాల్సి వస్తుందేమోనన్న బెంగ. సంచి కుదురుకున్నవారు చాలామంది ఆ దూరం నిమ్మళంగా కూర్చుని వెళ్లగలరు.

ఇబ్బందులూ ఉన్నాయి. క్లీవ్‌లాండ్ క్లినిక్ 2013లో ప్రకటించిన 3,707 మంది లెక్కలో సంచి విఫలమైంది సుమారు 5 శాతం మందిలో. మూడోవంతు మందికి మాత్రం సంచి వాచే పౌచైటిస్ వచ్చింది. దానికి ముందుగా సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ వాడతారు. కటిభాగంలో అతుకులు ఏర్పడి స్త్రీలకు గర్భం రావడం కష్టం కావచ్చు. పెళ్లికాని అమ్మాయికి ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. క్రోన్స్ అనే మరో పేగువాపు జబ్బును కొలైటిస్‌గా పొరబడి సంచి కుడితే చెడిపోయే అవకాశం పెరుగుతుంది. మన దగ్గర పేగు క్షయ కూడా క్రోన్స్‌లాగే కనిపిస్తుంది కాబట్టి బయాప్సీ విషయంలో తొందర పనికిరాదు.

పెద్దపేగు లేనందున ఒంట్లోంచి నీరు, ఉప్పు త్వరగా పోతాయి. మన ఎండల్లో అది చిన్న విషయం కాదు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఓఆర్‌ఎస్ దగ్గర ఉంచుకోవాలి. అన్నం, అరటిపండు మలాన్ని గట్టిపరుస్తాయి. పచ్చిమిరప కారం లోపల ఎంత మంట పెట్టిందో బయటికి పోయేటప్పుడూ అంతే పెడుతుంది.