చెక్కకూ ఇంటిపేరు అడగాలి

హోసూరు సంతలో కూరగాయలు తరిగే పనిముట్టును మూడు పేర్లతో పిలుస్తారు. తెలుగువాళ్లం కత్తిపీట అంటాం, కొందరం ఈలపీట అంటాం. కన్నడంలో అది ఈళిగె మణె, తమిళంలో అరివాళ్‌మణై. ఒక్క సంగతి గమనించండి. మూడు భాషలూ కత్తి పేరుతో ఆగలేదు, కింద ఉన్న చెక్కనూ పేరులో కలుపుకున్నాయి. కత్తి మొద్దుబారితే సాన పడతాం, అరిగితే మార్చేస్తాం. పీట మాత్రం అత్త చేతి నుంచి కోడలి చేతికి వెళ్తుంది.

వంట నేల మీది నుంచి గట్టు మీదికి ఎక్కాక, గ్యాసు పొయ్యి వచ్చాక, నిలబడి తరగడం అలవాటైంది. కత్తి వేరైంది, పీట వేరైంది. ఆ పీటే ఇప్పటి కటింగ్ బోర్డు. కాబట్టి పాత చెక్కతో కటింగ్ బోర్డు చెయ్యడం ఎక్కడినుంచో దిగిన ఫ్యాషన్ అనుకోనక్కర్లేదు. ఇల్లు కట్టగా మిగిలిన ముక్కతోనో, విరిగిన బండి చెక్కతోనో పీట చేసివ్వడం మన ఊళ్ల వడ్రంగులకు తెలిసిన పనే.

ఐతే అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. అప్పుడు ఆ చెక్క ఎక్కడిదో ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు డిపోలో కొనే పాత కలప ఎక్కడినుంచి వచ్చిందో మనం అడగం. కొత్త మనిషి కనిపిస్తే “ఏ ఊరు, ఎవురింటోళ్లు?” అని అడగనిదే ఊరుకోని వాళ్లం గదా మనం! చెక్కనూ అదే అడగాలి. మన ప్రాంతంలో పాత కలప ముఖ్యంగా మూడు దారుల్లో దొరుకుతుంది, ఒక్కోదానిది ఒక్కో చరిత్ర.

మొదటిది రైలు దారి. కరువు రోజుల్లో ధాన్యం చేరవెయ్యడానికి పనికొస్తుందని మన వైపు సన్నపట్టాల రైళ్లు వేశారు. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి 1905లో, మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో, అక్కణ్ణించి హోసూరుకు 1913లో రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, ఆ దారులన్నీ మూసేశారు. దేశమంతా పట్టాల కింద కాంక్రీటు దిమ్మెలు వచ్చాక తీసేసిన చెక్క స్లీపర్లు కలప డిపోలకు చేరాయి. చూడ్డానికి గట్టిగా, నల్లగా, బహు అందంగా ఉంటాయి. కానీ చెదలు పట్టకుండా చాలా స్లీపర్లకు క్రియోసోట్ అనే తారునూనె ఎక్కించేవారు. అది చెక్క లోపలిదాకా ఇంకుతుంది, చిత్రిక పట్టినా పోదు. తోటలో బల్లకు వాడుకోండి, కూరగాయల కిందకి వద్దు.

రెండోది ఫ్యాక్టరీ దారి. 1970ల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక హోసూరు రూపమే మారిపోయింది. యంత్రాలతో పాటు ప్యాకింగ్ పెట్టెలూ, లోడు కింద వేసే ప్యాలెట్లూ వచ్చాయి. దేశాలు దాటే ప్యాలెట్ మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. ఎంబీ చెక్కను ఇంట్లోకే తేవద్దు. హెచ్‌టీ ఐనా దానిమీద ఏ నూనె, ఏ రసాయనం ఒలికిందో ఎవరికి తెలుసు? అరలు చేసుకోవచ్చు, వంటింటికి సరిపడదు.

మూడోది మన ఇళ్ల దారి. రాష్ట్రాల సరిహద్దులు 1956లో గీసినా, అంతకు ఎన్నో తరాల ముందే మనవాళ్లు ఇక్కడ మిద్దెలు కట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఇళ్లు కూలి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. అన్నదమ్ముల భాగపరిష్కారంలో భూమీ బావీ కాగితం మీదికి ఎక్కుతాయి. దూలాలూ తలుపులూ ఎక్కవు, అవి లారీలో వెళ్లిపోతాయి. కటింగ్ బోర్డుకు తగిన చెక్క అదే, ఎందుకంటే దాని పుట్టుపూర్వం మనకు తెలుసు.

లెక్క చూడండి. ఆరడుగుల పొడవు, ఆరంగుళాల మందం ఉన్న ఒక్క దూలం ముక్కను కోస్తే అంగుళంన్నర పలకలు మూడు వస్తాయి. వాటిని ముక్కలు చేసి రెండేసి అతికిస్తే, కోత తరుగు పోగా, దాదాపు అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు బోర్డులు ఆరు. ఆరిళ్లకు ఆరు.

చింత ఐతే మేలు. మటన్ కొట్లో మొద్దు చింతదే, కత్తి దెబ్బకు అంత సులువుగా చీలదు. పనస, వేప, టేకు కూడా పనికొస్తాయి. టేకులో సన్నని ఇసుకలాంటి పదార్థం ఉంటుంది కాబట్టి కత్తి కొంచెం తొందరగా మొద్దుబారుతుంది. రంగు వేసిన తలుపులతో మాత్రం జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసానికి 90 పీపీఎం అనే హద్దు మన దేశంలో 2017లో గానీ అమల్లోకి రాలేదు. పాత రంగును గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. రంగు తగలని దూలమే తీసుకోండి.

గడప కూడా వద్దు. దశాబ్దాలు పసుపు కుంకుమ పెట్టిన చెక్క మీద ఉల్లిపాయ తరుగుతామంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. దాన్ని దేవుడి అరగా చేయించండి.

కోతకు ముందు అయస్కాంతం తిప్పి విరిగిన మేకులు వెతకాలి. పురుగు తొలిచిన భాగం తీసెయ్యాలి. నీళ్లకు ఊడని బంకతో అతికించి, 80 నుంచి 220 నంబరు దాకా గరుకు కాగితంతో నునుపు చెయ్యాలి. వంటనూనె పూస్తే కొన్నాళ్లకు కంపు కొడుతుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రెండు మూడు సార్లు పట్టించండి. వాడాక సబ్బుతో కడిగి నిలబెట్టి ఆరనివ్వాలి, నానబెట్టకూడదు. మాంసానికి ఒకటి, కూరలకు ఒకటి ఉంచుకుంటే మంచిది. చెక్క మీద సూక్ష్మజీవులు ఎక్కువని అనేవాళ్లున్నారు. అమెరికాలో 1990ల్లో డీన్ క్లివర్ అనే శాస్త్రవేత్త పరీక్షిస్తే, కత్తిగాట్లు పడ్డ ప్లాస్టిక్ పలకను శుభ్రం చెయ్యడమే కష్టమని తేలింది.

చివరి పని ఒకటుంది. బోర్డు వెనక వైపు, కత్తి తగలని చోట, ఊరి పేరు, ఇంటిపేరు, ఇల్లు విప్పిన సంవత్సరం కాల్చిన మేకుతో రాయించండి. తెలుగులో రాయించండి. బడిలో తెలుగు చదవని మన పిల్లలు, అందులో ఏముందని ఎప్పుడో ఒకనాడు అడుగుతారు.