కాలయంత్రం ఎక్కడ ఆగినది?

నల్లగొండ పట్టణానికి చేరువనే ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయమని ఒక గుడి ఉన్నది. మూడు గర్భాలయాలు ఒకే మండపంలోనికి తెరచుకొనే త్రికూటాలయం అది. అందులో ఒక గర్భాలయంలో, శివలింగం వెనుక గోడమీద, స్తంభం వంటి నీడ ఒకటి నిలువుగా పడి ఉంటుంది. ప్రొద్దుట వెళ్ళి చూచినా, మిట్టమధ్యాహ్నం చూచినా, ప్రొద్దు వాలిన వేళ చూచినా ఆ నీడ అక్కడనే ఉంటుంది. ఇందులో మంత్రమేమీ లేదు. మండపంలో స్తంభాలను నిలిపిన తీరు అటువంటిది. పలు దిక్కులనుండి వచ్చే వెలుతురు ఆ ఒక్క పట్టీని విడిచి తక్కిన గోడమీద పరచుకొంటుంది. అయినను, నీడను చూచి ప్రొద్దు తెలిసికొనడం అలవాటైన మన పల్లెలవారికి, కదలని నీడ ముందు నిలిచినప్పుడు కాలమే ఒక క్షణం ఆగినట్లు తోచడం సహజం.

కాలాన్ని ఆపడం, దాటడం, వెనుకకు త్రిప్పడం మానవునికి ఎన్నటినుండియో ఉన్న కోరిక. దానికొక యంత్రాన్ని ఊహించి, ఆ ఊహను లోకమంతటా వ్యాపింపజేసినవాడు ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్. 1895లో ఆయన ప్రకటించిన 'టైమ్ మెషిన్' నవల ఇంగ్లండులో పుట్టి, అమెరికావారి చేతికి పోయి, చివరకు మన తెలుగువారి చేతికిని వచ్చినది. చేయి మారినప్పుడెల్లా ఆ యంత్రం వేరొక కాలంలో ఆగినది. ఎక్కడ ఆగినదో, ఎందుకు అక్కడ ఆగినదో విచారిస్తే, ఒక్కొక్క జాతి మనసులో దాగిన మాట బయటపడుతుంది.

మొదట ఇంగ్లండు సంగతి చూతము. వెల్స్ కలవారి ఇంట పుట్టినవాడు కాడు. చిన్నతనంలో బట్టల దుకాణంలో పనివానిగా కుదిరి కష్టపడినాడు. ఆయన తల్లి అప్‌పార్క్ అనే పెద్ద భవనంలో పరిచారకులపై పెత్తనం చేసే ఉద్యోగంలో ఉండేది. ఆ భవనంలో సేవకులు యజమానుల కంటబడకుండ తిరగడానికి నేలక్రింద సొరంగాలు ఉండేవి. ఆ సొరంగాలను ఎరిగిన బాలుడే పెరిగి పెద్దవాడై, తన కాలయంత్రాన్ని క్రీస్తుశకం 8,02,701వ సంవత్సరంలో నిలిపినాడు. అక్కడ మానవజాతి రెండుగా చీలి ఉన్నది. నేలమీద ఎలోయ్‌లు, అందమైనవారు, సుకుమారులు, ఏ పనీ తెలియనివారు. నేలక్రింద మార్లాక్‌లు, చీకటిలో యంత్రాలు నడిపేవారు. పూర్వం క్రిందివారి చెమటతో పైవారు బ్రతికినారు. ఇప్పుడు రాత్రివేళ క్రిందివారు పైకి వచ్చి పైవారినే పట్టి తింటున్నారు. దొర గడిని, గడి వెనుక వెట్టివారి వాకిలిని ఎరిగిన మన నల్లగొండ పెద్దలకు ఈ కథను విడమరచి చెప్పవలసిన పనిలేదు.

వెల్స్ కథలోని యాత్రికుడు ఆ లోకాన్ని బాగుచేయలేదు. అతనికి కథలో పేరైనా లేదు. తనను నమ్మిన వీనా అనే బాలికను కూడ కాపాడుకొనలేకపోయినాడు. ఇంకను ముందుకు పోయి, ఎర్రబడి చల్లారిపోతున్న సూర్యుని క్రింద నిర్జనమైన సముద్రతీరాన్ని చూచి తిరిగి వచ్చినాడు. మరల బయలుదేరి ఇక రానే లేదు. సామ్రాజ్యం ఉచ్చస్థితిలో ఉన్న దినాలలో ఒక ఇంగ్లీషువాడు తన వారికి చెప్పిన మాట ఇది: మన వైభవం నేలక్రిందివారి మీద నిలిచి ఉన్నది, అది నిలువదు.

ఈ కథనే 1960లో అమెరికాలో చలనచిత్రంగా తీసినారు. దర్శకుడు జార్జ్ పాల్, హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. ఆయన వేషాలను, లండన్ నగరపు ఇంటిని అట్లే ఉంచినాడు, ప్రశ్నను మార్చినాడు. పేరులేని యాత్రికునికి జార్జ్ అని పేరు వచ్చినది. యంత్రం త్రోవలో 1917లో ఆగినది, 1940లో ఆగినది, 1966లో ఆగినది. మూడు చోట్లను యుద్ధమే. 1966లో లండన్ మీద అణ్వస్త్రం పడుతుంది. ఆ చిత్రం విడుదలైన నాటికి 1966 ఇంకను ఆరేండ్ల దూరంలో ఉన్నదని మరువరాదు. ఎలోయ్‌లు, మార్లాక్‌లు వేరుపడినది యజమాని, సేవకుడు అన్న భేదంవల్ల కాదు. యుద్ధానికి వెరచి కొందరు నేలక్రిందికి దిగినందువల్ల. బాంబులు వచ్చినప్పుడు మ్రోగే సైరన్ విని ఎలోయ్‌లు మంత్రముగ్ధులవలె మార్లాక్‌ల వద్దకు నడిచిపోతారు. అక్కడ కథానాయకుడు ఊరకుండడు. పిడికిలి బిగించి పోరాడి ఎలోయ్‌లకు పోరాటం నేర్పుతాడు. వీనా బ్రతుకుతుంది. చివరకు అతడు ఇంటినుండి మూడు పుస్తకాలు తీసికొని, క్రొత్త నాగరికతను నిర్మించడానికి మరల ఆ కాలానికే పోతాడు. ఇంగ్లీషువాని కథ హెచ్చరికతో ముగిసినది. అమెరికావారి కథ పునర్నిర్మాణంతో ముగిసినది. ఒకడు ప్రేక్షకుడు, ఒకడు కర్త.

రేడియోలో పనిచేసే మావంటివారు తరచుగా తలచుకొనే ఉదాహరణ మరొకటి ఉన్నది. వెల్స్ 1898లో అచ్చువేసిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవలలో అంగారక గ్రహవాసులు లండన్ చేరువలోని వోకింగ్ ప్రాంతంలో దిగుతారు. టాస్మేనియా ఆదివాసులను మన యూరపువారు తుడిచిపెట్టలేదా, మనకు అదే జరిగితే ఎట్లుంటుంది అని రచయిత మొదటనే అడుగుతాడు. 1938 అక్టోబరు 30వ తేది రాత్రి అమెరికాలో ఆర్సన్ వెల్స్ బృందం దీనిని రేడియో నాటకంగా ప్రసారం చేసినది. అంగారకులు న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే పల్లెలో దిగినారు. టాస్మేనియా మాట మరుగున పడినది. కథ చెప్పే తీరు మారినది. సంగీత కార్యక్రమం జరుగుతుండగా, దానిని ఆపి, వార్త తరువాత వార్త చదివినారు. అంతకు నెల ముందే మ్యూనిక్ సంక్షోభంలో అమెరికా శ్రోతలు సరిగా అటువంటి వార్తలకు చెవులొగ్గి కూర్చున్నారు. కనుక కొందరు నిజమని భయపడినారు. దేశమంతా వీధులలో పడినదన్న మాట మాత్రం మరునాటి పత్రికలు పెంచి వ్రాసినదేనని తరువాతి పరిశోధకులు తేల్చినారు. ఇంగ్లండులో మనస్సాక్షిని తట్టిన కథ, అమెరికాలో తలుపు తట్టిన వార్త అయినది.

చేయి మారితే కథ బాగుపడుతుందని గాని, చెడిపోతుందని గాని నియమం లేదు. బి.బి.సి. 1963 నవంబరు 23న ప్రారంభించిన 'డాక్టర్ హూ' ధారావాహికలో కాలయాత్రికుడు పోలీసు పెట్టెలో తిరుగుతాడు. బలంతో గాక బుద్ధితో గెలుస్తాడు. పిల్లలకు చరిత్రను, విజ్ఞానాన్ని పరిచయం చేయాలన్నది మొదటి ఉద్దేశం. 1996లో అమెరికా టెలివిజన్ కోసం దానిని ఒక చిత్రంగా తీసినప్పుడు పెట్టె సాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినది. మోటారు సైకిలు పరుగులు వచ్చినవి, ముద్దు వచ్చినది. పెట్టె రూపం మారలేదు గాని లోని మనిషి కొంత మారినాడు. దాని వెంట అమెరికాలో ధారావాహిక రాలేదు. 2005లో బి.బి.సి.యే మరల తన యాత్రికుని చేపట్టి నడిపినది.

కథను పరులు మార్చడం అపచారమని మనం అనరాదు. పానగల్లులోనే పచ్చల సోమేశ్వరాలయం ఉన్నది. ఆ గోడలపై రామాయణ, భారత కథలను శిల్పులు చెక్కినారు. ఉత్తరదేశపు కథ నల్లగొండ రాతిలోనికి వచ్చినప్పుడు ఆ శిల్పి తాను ఎరిగిన అందాన్నే దానికి ఇచ్చి ఉంటాడు. వాల్మీకంలో లేని ఉడుత రంగనాథ రామాయణంలో ఇసుక మోసి సేతువు కట్టినది. ఆ ఉడుత లేని రామకథను నేడు మన పిల్లలకు చెప్పగలమా? మార్పు తప్పు కాదు. ఏమి చేర్చినారు, ఏమి విడిచినారు అన్నదే అడుగవలసిన ప్రశ్న.

ఇక మన వంతు. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' చిత్రాన్ని తీసినారు. కళాశాలలో చదివే దినాలలో వెల్స్ నవలను చదివిన ముద్ర వారి మనసులో అన్నాళ్ళు నిలిచి ఉన్నది. తెలుగువాడు కాలయంత్రం ఎక్కితే ఎక్కడికి పోయినాడు? వెల్స్ వలె నేరుగా భవిష్యత్తుకు పోలేదు. మొదట వెనుకకు, పదునారవ శతాబ్దపు విజయనగరానికి, కృష్ణదేవరాయల కొలువుకు పోయినాడు. అక్కడ తెనాలి రామకృష్ణుడున్నాడు, రాజనర్తకి ఉన్నది. కథానాయకుని పాత్రను, రాయల పాత్రను ఒకే నటుడు బాలకృష్ణ ధరించడం గమనింపదగినది. యాత్రికుడు పరాయి కాలంలో తన ముఖాన్నే చూచుకొన్నాడు. ఆ తరువాత యంత్రం 2504వ సంవత్సరానికి పోయినది. అక్కడ మూడవ ప్రపంచయుద్ధపు అణుధూళికి వెరచి మనుష్యులు నేలక్రింద బ్రతుకుతున్నారు. వెల్స్ చూపిన నేలమాళిగ ఇక్కడ మరల కనబడినది. దానికి కారణం మాత్రం అమెరికావారు చెప్పినదే.

ఇంగ్లీషువాడు తన తప్పు ఫలాన్ని చూడడానికి ముందుకు పోయినాడు. అమెరికావాడు తన భయాన్ని జయించడానికి ముందుకు పోయినాడు. తెలుగువాడు తన వైభవాన్ని ఒకసారి కన్నులార చూచుకొనడానికి వెనుకకు పోయినాడు. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. చాలకాలం పరుల ఏలుబడిలో ఉన్న జాతికి, మనకును ఒక కొలువుండెనని చూచుకొనడం ఆకలి వంటిది. ఆ చిత్రాన్ని 2025 ఏప్రిల్‌లో క్రొత్త మెరుగులతో మరల విడుదల చేసినారంటే ఆ ఆకలి నేటికిని తీరలేదని గ్రహింపవచ్చును. అయితే వెల్స్ అడిగిన ప్రశ్న, పైవారిని మోసే క్రిందివారెవరు అన్న ప్రశ్న, అమెరికాలో ఒకసారి జారిపోయినది. మన చేతిలో రెండవసారి జారిపోయినది.

ఆ ప్రశ్నను మరల చేతికి తీసికొనదగిన చోటు పానగల్లే. పదునొకటి, పండ్రెండు శతాబ్దాలలో ఈ ప్రాంతాన్ని కందూరు చోడులు ఏలినారు. ఉదయ చోడుని పేర వెలసిన ఉదయసముద్రం నేటికిని ఉన్నది. కృష్ణ నీరు ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు ద్వారా ఆ చెరువులోనికే వచ్చి చేరుతున్నది. బావినీటిలోని ఫ్లోరైడువల్ల తరతరాలుగా ఎముకలు వంగిన జిల్లా ఇది. ఇక్కడ చెరువంటే విహారస్థలం కాదు, ప్రాణం. మన శాసనాలలో చెరువు త్రవ్వించినవారి పేర్లు చదువుకొంటాము. త్రవ్వినవారి పేర్లు కానరావు. తట్టలో మట్టిని ఎత్తినదెవరు, కట్టమీద రాయి పేర్చినదెవరు, ఆ దినం వారికి కూలి దక్కినదా లేదా, రాయి మీద ఎవరూ వ్రాయలేదు.

ఏనాడైనా ఈ ప్రాంతపు పిల్లవాడొకడు కాలయంత్రపు కథ వ్రాయ పూనుకొంటే, వాని యంత్రం హంపికి పోక ముందు ఒక గడియ ఉదయసముద్రం కట్టమీద ఆగాలని నా కోరిక. వాడు రాజును చూడబోవడానికి ముందు తట్ట మోసేవాని ప్రక్కన నిలిచి, “అయ్యా, నీ పేరేమి?” అని అడగాలి. తిరిగి వచ్చి ఆ పేరు మనకు చెప్పాలి. ఛాయా సోమేశ్వరుని గుడిలో నీడ ఇన్ని వందల యేండ్లుగా కదలక ఉన్నది; ఆ స్తంభాలను అంత నేర్పుతో నిలిపినవాని పేరు సైతం ఆ జాబితాలో మొదటనే వ్రాసికొనవలసి ఉంటుంది.