రాయి మీద పేరు, పెట్టెలో మనిషి

రాయలసీమలోని వెలుగోడుకు పక్క మండలం బండి ఆత్మకూరు. అందులోని పర్నపల్లె బిడ్డ సిపాయి ముస్తాక్ అహ్మద్. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న పోస్టు మీద మంచుగోడ విరిగిపడి, మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ శిబిరంలోని పదిమంది కూరుకుపోయారు. ఆరు రోజుల తర్వాత కొన ఊపిరితో దొరికిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కోసం దేశమంతా మొక్కుకుంది. ఆయనా 11న కన్నుమూశారు. తక్కిన తొమ్మిది పేర్లూ, సొంత జిల్లాలు దాటితే, పత్రికల్లో అచ్చయిన జాబితాగానే మిగిలాయి. ఆ జాబితాలో ముస్తాక్ ఊరు కర్నూలు జిల్లాలో ఉంటుంది. 2022 నుంచి అది నంద్యాల జిల్లా. రేపు వెతికేవాళ్లకు చిరునామా దగ్గరే చిక్కు మొదలవుతుంది. అందుకే ఇలాంటి అమరుల విషయంలో విగ్రహం కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది: ఇంట్లో మిగిలిన వస్తువులను, వాటి కథ తెలిసినవాళ్లు ఉండగానే, నమోదు చేసుకోవడం.

విగ్రహాలకు మనకు కొదవ లేదు. ఆళ్లగడ్డ శిల్పులు ఈ జిల్లాలోనే ఉన్నారు; వాళ్ల రాతిపనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రాయి చెక్కిస్తే వందల ఏళ్లు ఉంటుంది కదా, ఇంకేం కావాలంటారా? రాయలసీమలోనే దీనికి జవాబు ఉంది. ఊరి పొలిమేరల్లో, చెట్ల కింద, గుడి గోడల వారన వీరగల్లులు ఎన్నో కనిపిస్తాయి. కింది వరసలో కత్తి దూసిన వీరుడు, పైన అతణ్ని తీసుకుపోతున్న అప్సరసలు, ఆపైన శివలింగం. శాసనం ఉన్నవాటిలో పేరు తెలుస్తుంది, పశువుల మందను కాపాడబోయి చచ్చిపోయాడనీ తెలుస్తుంది. శాసనం లేనివాటికి పసుపు కుంకుమలైతే అందుతాయి గానీ, ఆ వీరుడు ఎవరి కొడుకో, ఎందుకు పడిపోయాడో చెప్పేవాళ్లు లేరు. రాయి నిలిచింది, మనిషి జారిపోయాడు. ఆ మాటకొస్తే ఇప్పటి విగ్రహానికైనా ముఖం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో గోడకు వేలాడే ఫొటో నుంచే గదా!

పల్నాడులోని కారంపూడిలో దీనికి భిన్నమైన పద్ధతి నడుస్తోంది. పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దపు మాట. ఆ వీరుల ఆయుధాలుగా పూజలందుకునే కొణతాలను ఆచారవంతులు ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడి తెస్తారు. నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడికి తీసుకెళ్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులూ యుద్ధకథ వరసగా సాగుతుంది. ఆ ఇనుము నిజంగా ఆనాటిదేనా అని చరిత్రకారుడు అడగవచ్చు, అడగాలి కూడా. కానీ ఇక్కడ చూడవలసింది ఏర్పాటును. వస్తువు ఉంది, దాన్ని మోసే వంశం ఉంది, కథ చెప్పే గొంతు ఉంది. ఈ మూడూ విడిపోకపోవడం వల్లే ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా పల్నాటి వీరుడు బాలచంద్రుడు పేరున్న మనిషిగా ఉన్నాడు.

విడిపోతే ఏమవుతుందో మొదటి ప్రపంచ యుద్ధం చూపించింది. చనిపోయిన సైనికుల ఇళ్లకు బ్రిటిష్ ప్రభుత్వం కంచు బిళ్లలు పంపింది. సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పు. చావులో పెద్దా చిన్నా లేదని చెప్పడానికి హోదా వేయలేదు, పేరు మాత్రమే పోతపోశారు. ఉద్దేశం గొప్పదే. అయితే ఇల్లు దాటి పాత సామాన్ల అంగడికి చేరిన బిళ్ల మీద పదిమందికి ఉండే పేరు కనిపిస్తే, అది ఏ ఊరివాడిదో, ఏ పటాలం వాడిదో తేల్చడం కష్టం. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో దాదాపు 26 వేల పేర్లు గ్రానైటు పలకల మీద ఉన్నాయి. హోదా, దళం వివరాలతో. ఆ మేరకు రాజ్యం తన పని చేసింది. ఆ పేరుగల కుర్రాడు ఏం తినేవాడో, ఏ అప్పు తీర్చాలని పటాలంలో చేరాడో పలక మీద పట్టదు, పట్టించాలని అడగడమూ న్యాయం కాదు.

అది పట్టేది ఇంట్లోని ట్రంకు పెట్టెలో. నల్లరంగు మీద తెల్ల అక్షరాలతో నంబరు, పేరు. లోపల యూనిఫాం, మడతపెట్టి ఇచ్చిన జాతీయ జెండా, గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు పిలుపు కాగితం, మనియార్డరు రసీదులు. పాత తరం వాళ్లదైతే ఇన్‌లాండ్ లెటర్లూ ఉంటాయి. వాటి మీద తిరుగు చిరునామా '56 ఏపీఓ' అని ఉంటుంది. అది సైనిక తపాలా గుర్తు. ఏ కొండ మీద, ఏ సరిహద్దులో కూర్చుని రాశాడో దాన్నిబట్టి తెలియదు. 'ఆ ఉత్తరం వచ్చినప్పుడు చెల్లెలి పెళ్లి పనుల్లో ఉన్నాం' అని తల్లి చెబితేనే తేదీకి ప్రాణం వస్తుంది. ఇప్పటి జవాన్లకు ఉత్తరాలే లేవు. వీడియో కాల్ అయిపోగానే మాయం, వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఫోను పాడయ్యేదాకానే. ఒకరకంగా మంచుకొండ మీది ముస్తాక్ తరం కంటే ఇన్‌లాండ్ లెటర్ల తరమే ఎక్కువ కాగితం మిగిల్చింది.

ఇంటివాళ్లు చెప్పేది అతిశయోక్తి అవుతుందనే అనుమానం న్యాయమైనదే. పోయినవాళ్లంతా మంచివాళ్లే అవుతారు. దానికి విరుగుడుగా పక్కన యూనిట్ రికార్డు పెట్టుకోవాలి, అదే పటాలంలో పనిచేసి రిటైరైనవాళ్లను అడగాలి. రికార్డు మాత్రం ఎప్పుడూ నిష్పక్షపాతమా? ఈ నేల మీదే ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసిన ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో ఆయన బందిపోటు. జనం పాటలో దొర. కాగితాన్నీ పాటనూ ఎదురెదురుగా పెట్టుకున్నాకే చరిత్ర రాయగలిగాం.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. కన్నవాళ్ల కడుపుకోతను గాజుపెట్టెలో పెట్టి చూపించడమేమిటని. ఈ అభ్యంతరం ముందు తల వంచవలసిందే. కొడుకు చొక్కాను మ్యూజియానికి ఇమ్మని అడిగే హక్కు ఎవరికీ లేదు. అడగనక్కర్లేదు కూడా. కొణతాలు ఆచారవంతుల దగ్గరే ఉండి ఏటికొకసారి బయటికి వచ్చినట్టు, పెట్టె ఇంట్లోనే ఉండనివ్వాలి. ఫొటో తీసి, వస్తువు కథను వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి, ఏది బయటపెట్టాలో ఏది వద్దో వాళ్లనే చెప్పమంటే చాలు. అమరుల కుటుంబాల చిరునామాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దగ్గర ఉంటాయి. వెలుగోడు, బండి ఆత్మకూరు హైస్కూళ్ల సాంఘికశాస్త్రం టీచర్ల చేతుల్లో ఫోన్లున్నాయి. తల్లిదండ్రులకు వయసు మీద పడుతోంది కాబట్టి, మొదలుపెట్టవలసింది వాళ్ల దగ్గరే.