పాట అదే, నడక వేరు

ఉగాది కార్యక్రమాల జాబితా మీద మన గ్రూపులో రెండు రోజులుగా చర్చ నడుస్తోంది. పిల్లలు కొందరు పియానో మీద జాజ్ పాటల్ని లాటిన్ తాళాల్లో వాయిస్తామన్నారు. "తెలుగు పండగకి ఇదెందుకండీ?" అని కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జవాబుకి కొంచెం చరిత్ర కావాలి.

జాజ్‌లో 'స్టాండర్డ్' అంటే వాయించేవాళ్లందరికీ కంఠస్థమైన పాట. వాటిలో చాలా వరకు ఒకప్పటి అమెరికా నాటకాలకీ సినిమాలకీ కట్టినవే. మన కచేరీలో కీర్తనలాగే పాట అందరిదీ, మనోధర్మం ఎవరిది వారిది.

ఈ పాటల్లోకి క్యూబా తాళం మధ్యలో దూరిందని అనుకుంటాం గానీ, అది మొదటినుంచీ ఉన్నదే. హైతీ విప్లవం తర్వాత క్యూబాలో తలదాచుకున్న వేలమంది 1809లో న్యూ ఆర్లియన్స్ చేరారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి తాళాలు, స్పెయిన్, ఫ్రాన్స్ పాటలు ఆ రేవులో కలిశాయి. 1914లో డబ్ల్యూ.సి. హ్యాండీ ప్రచురించిన 'సెయింట్ లూయిస్ బ్లూస్'లో ఒక భాగం అచ్చంగా క్యూబా హబనేరా నడకే. జాజ్‌కి ఆ స్పానిష్ తాలింపు పడకపోతే రుచి రాదన్నట్టు పియానో విద్వాంసుడు జెల్లీ రోల్ మోర్టన్ 1938లో చెప్పాడు. 1947లో డిజీ గిలెస్పీ, క్యూబా వాద్యకారుడు చానో పోజో కలిసి 'మాంటెకా' రికార్డు చేశాక ఈ కలయికకి తిరుగులేకుండా పోయింది.

పియానో మీద ఏం మారుతుంది? స్వింగ్ నడక ఒక ఊపుతో తిశ్రం వైపు ఒరుగుతుంది. లాటిన్‌లో మాత్రలన్నీ సమానం, చతురశ్రంలాగా. దాని వెన్నెముక 'క్లావే'. ఆది తాళం 8 అక్షరాలని రెండేసి మాత్రలుగా, మొత్తం 16గా లెక్కపెట్టండి. 1, 4, 7, 11, 13 మాత్రల మీద చప్పట్లు కొట్టండి. 3, 3, 4, 2, 4. అదే క్లావే. ఎడమ చెయ్యి చాలాసార్లు సమం మీద మౌనంగా ఉండి ముందే ఎత్తుకుంటుంది, కుడి చెయ్యి ఒక చిన్న పలుకుబడిని ఆపకుండా తిప్పుతుంది. పాట క్లావేకి అడ్డంపడితే, పక్కనున్నవాడికి వెంటనే తెలిసిపోతుంది, మన దగ్గర తాళం తప్పితే తెలిసినట్టే.

ఇక మన ఊరి సంగతి. 1882లో మైసూరు మహారాజు చామరాజ వడయారు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి 3,900 ఎకరాలిచ్చారు. సంఘం నడిపిన డి.ఎస్. వైట్ పేరే ఊరికి వచ్చింది. దొరలు తమవాళ్లు కాదన్నారు, ఇక్కడివాళ్లు పరాయివాళ్లన్నారు. అలాంటివారు కట్టుకున్న ఊరిది. మన గుంతకల్లు, కాజీపేట, బిట్రగుంట రైల్వే కాలనీల్లోనూ వారే. ఇన్‌స్టిట్యూట్‌లలో బ్యాండు, డాన్సులు వారి జీవితంలో భాగం. ఈ సంగీతం మన సినిమాకీ పాకింది. సి. రామచంద్ర 1950లో 'సమాధి' చిత్రానికి కట్టిన 'గోరే గోరే' బాణీకి మూలం అమెరికా సినిమాలోని ఒక లాటిన్ తరహా పాటే.

మనం ఐటీ పార్కు వచ్చాక ఇక్కడికి చేరినవాళ్లం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. మన పిల్లలూ ఒక కలయికలోనే పెరుగుతున్నారు. కలిస్తే సొంతది పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ ఈ సంగీతం చెప్పేది వేరు: పాట పోలేదు, నడకే మారింది, తాళం తప్పితే మాత్రం రెండూ పోతాయి.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఆ అంశాన్ని తీసెయ్యకండి. ముందు పిల్లల చేత ఆది తాళం వేయించండి, దాని మీదే క్లావే చూపించమనండి. పంచాంగ శ్రవణం తర్వాత పది నిమిషాలు చాలు. పెద్దలు తమ మాట కింద రాయగలరు.