ఖాళీ సింహాసనం, ఖాళీ కుర్చీ

1921 ఏప్రిల్ 1 రాత్రి వియన్నాలోని ఒక నాటకశాలలో తెర లేచింది. రంగస్థలం మీద ఒక సింహాసనం, ఒక కిరీటం తప్ప మరేమీ లేవు. జేకబ్ లెవీ మొరేనో అనే యువ వైద్యుడు ప్రేక్షకులను ఒక్కొక్కరినే పైకి పిలిచి, రాజై చూపమన్నాడు. యుద్ధంలో సామ్రాజ్యం కూలిపోయి, ఏలిక లేక మిగిలిన నగరమది. ఆ రాత్రి ఎవరూ ఆ ఆసనానికి తగినవారిగా నిలవలేదని ఆయనే తరువాత రాసుకున్నాడు. మనోనాటకానికి, అనగా సైకోడ్రామాకు, ఆ రాత్రినే జన్మదినంగా చెబుతారు.

మొరేనో 1925లో అమెరికా చేరాడు. 1936లో న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్‌లో చికిత్సాలయం నెలకొల్పి, దానికొక రంగస్థలాన్ని జోడించాడు. ఆయన పద్ధతి సులభంగా చెప్పవచ్చు: బాధను వర్ణించవద్దు, నటించి చూపు. ఎదుట లేని మనిషి స్థానంలో ఖాళీ కుర్చీ ఉంటుంది. రోగి ఆ కుర్చీతో మాట్లాడి, తరువాత తానే అందులో కూర్చుని ఆ మనిషిగా బదులిస్తాడు. రోగికి గొంతు పెగలనప్పుడు సహాయకుడొకరు పక్కన నిలిచి, అతని మనసులోని మాటను పలుకుతాడు. అది సరికాకపోతే రోగి దిద్దుతాడు.

ఇదే శతాబ్దంలో లండన్‌లో మరొక ధార మొదలయింది. నర్సుగా, సామాజిక కార్యకర్తగా, చివరకు వైద్యురాలిగా మరణాసన్నుల మధ్య పనిచేసిన సిసిలీ సాండర్స్, వారి నొప్పి శరీరానికే పరిమితం కాదని గ్రహించారు. మనసు, కుటుంబం, ఆత్మ కూడా అందులో పాలుపంచుకుంటాయని చెప్పి, దానికి సమగ్ర వేదన అని పేరు పెట్టారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించారు. పాలియేటివ్ కేర్ అనే పేరును 1970లలో కెనడా వైద్యుడు బాల్ఫర్ మౌంట్ వాడుకలోకి తెచ్చారు.

ఈ రెండు ధారలనూ పక్కపక్కన పెట్టి చదువుతుంటే నాకు తోచిన సంగతి ఇది. మార్ఫిన్ శరీరబాధను తగ్గించగలదు గాని, పదేళ్లుగా పలకరించని కొడుకుతో మాట్లాడించలేదు. ఆ కొడుకు రాకపోవచ్చు, లేదా అప్పటికే గతించి ఉండవచ్చు. అక్కడ ఖాళీ కుర్చీకి పని ఉంది. లేవలేని రోగికి మంచమే రంగస్థలం; పాత్ర మారడానికి తల పక్కకు తిప్పితే చాలు. అయితే ముందు నొప్పి అదుపులో ఉండాలి, రోగి సమ్మతి ఉండాలి, అలసట కనబడగానే ఆపాలి. మౌనంగా ఉండదలచినవారి మౌనాన్ని గౌరవించాలి. ఇది ఆయుష్షు పెంచే చికిత్స కాదు.

మొరేనో 1974లో బీకన్‌లోనే కన్నుమూశాడు. మన భాషలో కడచూపు అనే మాట ఉంది. దూరాభారాన ఉన్నవారి రాక కోసం మనవాళ్లు ఆగడం అందరూ ఎరిగినదే. కాని చెప్పవలసిన మాట పెదవి దాటకముందే చూపు ఆగిపోయిన ఇళ్లు ఎన్ని లేవు? కడచూపుకు ఇచ్చినంత విలువ కడమాటకు కూడా ఇవ్వాలని నాకనిపిస్తుంది. మీరేమంటారు?