సెల్ఫ్ కొట్టిన బ్యాటరీలు: అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా ఒక సింహావలోకనం

కరెంటు పోయినప్పుడు కరెంటు పుట్టించాలన్నా ముందుగా కాస్త కరెంటు కావాలి. జనరేటర్ ఎంత పెద్దదైనా దాని ఇంజన్ మొదటి చుట్టు తిరిగేది పక్కనున్న బ్యాటరీ బలంతోనే. అమీర్‌పేట, పంజాగుట్ట వీధుల్లో అరవై డెబ్భై ఏళ్లుగా మోగిన జనరేటర్ల చప్పుడు అందరికీ తెలుసు. వాటిని నిద్రలేపిన బ్యాటరీల సంగతి ఎవరూ పెద్దగా రాయలేదు. సినిమా స్టూడియోలు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, తారల క్యారవాన్లు అన్నీ వాటి మీద ఆధారపడ్డవే. ఇప్పుడు ఆ బ్యాటరీ పెట్టెల్లో సీసం స్థానంలోకి లిథియం వస్తోంది. ఇంతదూరం ఎలా వచ్చామో వెనుదిరిగి చూడటానికి ఇది తగిన సమయం.

మోటారు వాహనాల తొలినాళ్లలో ఇంజన్‌ను లేపేది మనిషి భుజబలమే. ముందు వైపు ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పేవారు. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ ఈ కష్టాన్ని తప్పించాడు. 1912 నాటి క్యాడిలాక్ కార్లలో ఆయన చేసిన విద్యుత్ స్టార్టర్ వచ్చింది. ఇంజన్‌ను తిప్పాలంటే బండిలో పట్టనంత పెద్ద మోటారు, దానికి తగ్గ బ్యాటరీ కావాలని అంతకుముందు ఇంజనీర్లు అనుకునేవారు. క్యాష్ రిజిస్టర్లకు చిన్న మోటార్లు అమర్చిన అనుభవం ఉన్న కెటరింగ్ మరోలా ఆలోచించాడు. పని ఉన్నది కొన్ని సెకన్లే కనుక, చిన్న మోటారునే ఆ కాసేపు శక్తికి మించి పని చేయిస్తే సరిపోతుందన్నాడు. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన సీసం-ఆమ్లం బ్యాటరీ దీనికి సరిగ్గా కుదిరింది. క్షణకాలం వందల ఆంపియర్లు గుమ్మరించి, తర్వాత తీరిగ్గా కోలుకోవడం దాని స్వభావం. ఈ ‘కొన్ని సెకన్ల అతిభారం’ అన్న సూత్రాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. నూరేళ్ల తర్వాత లిథియంతో వచ్చిన పేచీ అంతా అక్కడే.

మన హైదరాబాద్‌లో 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలిసింది. నేటి ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్నది ఆ స్థలంలోనే. 1932లో నిజాం రాజ్యపు రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ అమీర్‌పేటకు పక్కనే ఉన్న సనత్‌నగర్‌లో బస్సులకు బాడీలు కట్టింది. బండి ఛాసిస్ మీద మనకు కావలసిన గది కట్టుకునే విద్య ఈ ప్రాంతానికి అలా అబ్బింది. అప్పటికి అమీర్‌పేట ఊరి శివారు.

ఆ శివారుకు పేరు తెచ్చింది సినిమా. 1950ల ద్వితీయార్ధంలో ఇక్కడ సారథి స్టూడియోస్ ఏర్పడింది. తెలుగు సినిమా అంతా మద్రాసులోనే ఉన్న కాలమది. 1959లో విడుదలైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాద్‌లో తీసిన తొలి తెలుగు చిత్రంగా చరిత్రకెక్కింది. దానికి వేదిక ఈ స్టూడియోనే. ఆనాటి ఆర్క్ దీపాలు కార్బన్ కడ్డీల మధ్య మంటతో వెలిగేవి, డైరెక్ట్ కరెంటు తాగేవి. ఔట్‌డోర్ అంటే లైట్లు, కెమెరాలతోపాటు లారీ మీద ఒక జనరేటర్ కూడా కదలాలి. జనరేటర్ లేవని రోజు షూటింగే లేదు. నటీనటులకు మాత్రం చెట్టు నీడ, గొడుగు, మడత కుర్చీ. ఎంత పెద్ద తారకైనా దక్కిన సౌకర్యం అంతే.

తెలుగునాట ఇల్లులాంటి బండి జనం కళ్లకు కట్టింది 1982లో. ఆ ఏడాది మార్చి 29న పార్టీ ప్రకటించిన ఎన్.టి. రామారావు పాత షెవ్రొలె వ్యాన్‌ను మార్పించి ‘చైతన్యరథం’ చేశారు. కుమారుడు హరికృష్ణ నడిపితే, ఆయన అందులోనే ప్రయాణించి, పైకెక్కి మైకులో మాట్లాడుతూ రాష్ట్రమంతా వేల కిలోమీటర్లు తిరిగారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రాజకీయ ఫలితం చరిత్రకారులందరూ చెప్పేదే. వాహన చరిత్ర రాసేవాడికి మాత్రం మరో సంగతి కనిపిస్తుంది. బండి ఆగినా లోపల జీవనం ఆగకూడదు, మైకు మూగబోకూడదు, పొద్దున్నే ఇంజన్ మొరాయించకూడదు. ఇంటి అవసరాన్నీ ఇంజన్ అవసరాన్నీ ఒకే వాహనం మోయడమన్న సమస్య అప్పటి నుంచే మనది. నలభై ఏళ్ల తర్వాత, 2022 చివర్లో, పవన్ కల్యాణ్ ప్రచార వాహనం ‘వారాహి’ గురించి ఊరూరా చర్చించుకున్న జనం ఆ పరంపరకు వారసులే.

ఇదే సమస్యకు పంజాగుట్ట ఆసుపత్రుల్లో కనిపించే జవాబు వేరు. 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై, 1989లో చట్టబద్ధమైన విశ్వవిద్యాలయ హోదా పొందిన నిమ్స్ ఈ కూడలికి పెద్దదిక్కు. పెద్ద ఆసుపత్రిలో కరెంటు పోతే ఎవరో పరుగెత్తి మీట నొక్కేదాకా ఆగలేరు. లైను పోయినట్టు గమనించి, కొన్ని సెకన్లలో తానే సెల్ఫ్ కొట్టి, లోడును జనరేటర్ మీదికి మార్చే ఏఎంఎఫ్ ప్యానెళ్లు అందుకే వచ్చాయి. అక్కడి నిర్వాహకులు పాటించే నియమం ఒకటుంది. సెల్ఫ్ బ్యాటరీ మీద వేరే ఏ లోడూ వేయరు, ఒక్క బల్బు కూడా తగిలించరు. దానికి ఎప్పుడూ సన్నటి ఛార్జింగ్ అందుతూనే ఉంటుంది. ఇల్లులా అమర్చిన బండ్లయిన మోటార్‌హోముల్లో తమంతట తాము లేచే జనరేటర్లదీ ఇదే పద్ధతి. నియమం దగ్గర మాత్రం ఆ బండ్లు కట్టేవాళ్లు కాస్త జారారు, ఆ సంగతి తర్వాత వస్తుంది.

1990ల చివర అమీర్‌పేట దశ తిరిగింది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తికమకపడతాయన్న వై2కే భయం ప్రపంచాన్ని పట్టుకోగానే మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్ చుట్టూ కోబాల్, మెయిన్‌ఫ్రేమ్, ఒరాకిల్, జావా నేర్పే సెంటర్లు మెట్ల కింద కూడా వెలిశాయి. గోడలు, చెట్లు, కరెంటు స్తంభాలు బోర్డులతో నిండిపోయాయి. మూడో అంతస్తులో క్లాసు, పక్క గదిలో ల్యాబు, ల్యాబు మూల యూపీఎస్, దాని కింద వరుసగా బ్యాటరీలు. నెలకోసారి మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోసే కుర్రాడు, టెర్మినళ్ల మీద పేరుకున్న పచ్చటి పూత, గదంతా ఆసిడ్ ఘాటు. ఆ తరంలో చదువుకున్నవాళ్లకు జావా పాఠం మరచినా ఆ వాసన గుర్తుంటుంది. కింద సెల్లార్‌లోనో ఫుట్‌పాత్ మీదో డీజిల్ జనరేటర్ ఉండేది. చిన్న దుకాణాల ముందు శ్రీరామ్ హోండా, బిర్లా యమహా వాళ్ల చేతి జనరేటర్లు తాడు లాగితే లేచేవి. వాటికి బ్యాటరీయే ఉండదు. హ్యాండిల్ తిప్పిన తాతల కాలపు చివరి గుర్తులు అవి.

2012, 2013 వేసవుల్లో నగరంలో కూడా ప్రకటించి మరీ గంటల తరబడి కోతలు విధించినప్పుడు ఈ రెండు కూడళ్లలో మాట వినపడేది కాదు. వీధి మొత్తం ఒకేసారి దద్దరిల్లేది, నల్లటి పొగ పై అంతస్తుల కిటికీల్లోకి వెళ్లేది. బోధించేవారు గొంతు పెంచారు, వినేవారు ముందు బెంచీలకు జరిగారు. అసౌకర్యమే, కాదనను. కానీ ఆ చప్పుడులో నేర్చుకున్న పాఠాలతోనే ఎన్నో తెలుగు కుటుంబాలు టెక్సాస్, న్యూజెర్సీ దాకా వెళ్లి నిలబడ్డాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2014 చివరి నుంచి కోతలు తగ్గాయి. 2017 నవంబర్‌లో మెట్రో వచ్చి, అమీర్‌పేట రెండు మార్గాలు కలిసే స్టేషన్ అయ్యాక, వీధి జనరేటర్ క్రమంగా కనుమరుగైంది.

జనరేటర్ వీధిని వదిలి బండెక్కింది. కొత్త శతాబ్దంలో తారలకు చెట్టు నీడ పోయి క్యారవాన్ వచ్చింది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, అమీర్‌పేటల మీదుగా లొకేషన్లకు తెల్లవారకముందే బయలుదేరే ఈ పొడవాటి బండ్లలో ఏసీ, మేకప్ అద్దం, సోఫా, స్నానాల గది, ఫ్రిజ్ అన్నీ ఉంటాయి. డిక్కీలోనో బాడీ కిందనో సౌండ్‌ప్రూఫ్ పెట్టెలో జనరేటర్ ఉంటుంది. పక్కనే సింక్ సౌండ్‌లో డైలాగు రికార్డవుతుంటే జనరేటర్ మోగకూడదు. అందువల్ల కాసేపు ఏసీని కూడా బ్యాటరీల మీదే నడపాలన్న ఆశ పుట్టింది. లిథియానికి తలుపు తీసింది ఆ ఆశే. వంద ఆంపియర్-అవర్ సీసం బ్యాటరీ ముప్పై కిలోల దాకా తూగుతుంది, లోతుగా వాడితే కొన్ని వందల ఛార్జింగులకే నీరసిస్తుంది. అంతే సామర్థ్యమున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టె బరువు పన్నెండు, పదమూడు కిలోలు, ఆయుష్షు వేల ఛార్జింగులు.

ఈ రసాయనం వెనుక మనవాళ్ల చేయి కూడా ఉంది. 1997లో దీని గురించి వెలువడిన ప్రసిద్ధ పరిశోధన పత్రంపై టెక్సాస్ ఆచార్యుడు జాన్ గుడెనఫ్‌తోపాటు పాధి, నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయుల పేర్లున్నాయి. గుడెనఫ్‌కు 2019లో నోబెల్ దక్కింది. బ్యాటరీల విషయంలో తెలుగు నేలకు సొంత చరిత్రా ఉంది. 1977లో హైదరాబాద్‌లో పుట్టిన హెచ్‌బీఎల్ విమానాలకు బ్యాటరీలు చేస్తూ ఎదిగింది. 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతిలో స్థాపించిన అమరరాజా సీసం బ్యాటరీల్లో దేశమంతటా పేరు తెచ్చుకుంది. అదే అమరరాజా 2022 డిసెంబర్‌లో 9,500 కోట్ల రూపాయల లిథియం ప్రాజెక్టుకు తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, తర్వాత మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పునాది వేసింది. సీసంతో బతికిన సంస్థే లిథియం వైపు నడవడాన్ని నేను ఈ దశాబ్దపు ముఖ్య మలుపుల్లో ఒకటిగా లెక్కిస్తాను.

ఇక అసలు ప్రశ్న. లిథియం బ్యాటరీతో బండిలోని జనరేటర్‌ను లేపవచ్చా? అమెరికాలో మోటార్‌హోములు వాడేవారికి ఇది నిత్యసమస్య. అక్కడ చాలా బండ్లలో జనరేటర్ సెల్ఫ్ వైరు ఇంటి అవసరాల బ్యాటరీకే కలిపి ఉంటుంది. ఆసుపత్రి నియమం దగ్గర వాళ్లు జారారన్నది ఇందుకే. సీసం ఉన్నన్నాళ్లు ఎలాగో నడిచింది. సీసం తీసి లిథియం పెట్టగానే కెటరింగ్ సూత్రం అడ్డం తిరిగింది. లిథియం సెల్‌కు శక్తి కొరత లేదు. 3.2 వోల్టుల సెల్‌లు నాలుగు కలిసి 12.8 వోల్టులు ఇస్తాయి, లోడు పడినా వోల్టేజీ అంతగా జారదు కనుక సెల్ఫ్ మోటారు ఇంకా చురుగ్గా తిరుగుతుంది. అడ్డుపడేది లోపలి కాపలాదారు బీఎంఎస్, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. వంద ఆంపియర్లకు మించొద్దని రాసిన పెట్టెను డీజిల్ జనరేటర్ ఒక్కసారిగా మూడు వందలు అడిగితే అది తలుపు మూసేస్తుంది. క్షణకాలం అతిభారాన్ని ఎన్ని ఆంపియర్ల వరకు, ఎన్ని సెకన్లు ఓర్చుకుంటుందన్నది తయారీదారును బట్టి మారుతుంది. చిన్న పెట్రోలు జనరేటరైతే మంచి బ్యాటరీ ఒక్కటీ చాలు. పెద్ద డీజిల్‌కు రెండు మూడు బ్యాటరీలను సమాంతరంగా కలపాలి, లేదా సెల్ఫ్ కోసమే చేసిన లిథియం తీసుకోవాలి.

దీనికన్నా చిక్కైన లక్షణం ఇంకొకటుంది. సీసం బ్యాటరీ చెప్పి పోయేది. లైట్లు మసకబారేవి, సెల్ఫ్ మూలిగేది, డ్రైవరుకు అర్థమయ్యేది. లిథియం చివరిదాకా నిండుగా ఇచ్చి, బీఎంఎస్ కట్ చేసిన క్షణాన సున్నా అయిపోతుంది. రాత్రంతా ఏసీ నడిచి ఇంటి బ్యాటరీ అలా పడిపోతే, దాన్ని నింపాల్సిన జనరేటర్‌ను లేపే దిక్కుండదు. కొన్ని బండ్లలో ఇంజన్ బ్యాటరీని కాసేపు కలిపే బూస్ట్ స్విచ్ ఉంటుంది. కొన్ని కొత్త లిథియం బ్యాటరీలు సెల్ఫ్ కోసం కొంత ఛార్జి దాచి ఉంచుతాయి. సీసాన్నీ లిథియాన్నీ నేరుగా జత కట్టడం మాత్రం పొరపాటు. మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి, లేకపోతే లిథియం ఆల్టర్నేటర్ నుంచి ఆపకుండా గుంజి దాన్ని వేడెక్కిస్తుంది.

చలిదేశాల్లో లిథియానికి భయం గడ్డకట్టే చలి, ఎందుకంటే సున్నా డిగ్రీలకు దిగువన దాన్ని ఛార్జి చేయకూడదు. మనకు ఆ బాధ లేదు. మన బాధ మే నెల. ఎండలో నిలిచిన బండి కింద, నడుస్తున్న జనరేటర్ పెట్టె పక్కన లిథియం బ్యాటరీ పెడితే ఉష్ణోగ్రత అరవై డిగ్రీల వైపు పోతుంది, బీఎంఎస్ అక్కడ కూడా తలుపు మూస్తుంది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటలు, పొగ పైన లాడ్జిలోని ఎనిమిది మందిని బలిగొన్నాక లిథియమంటే నగరంలో ఒక జంకు ఏర్పడింది. ఐరన్ ఫాస్ఫేట్ రకం నికెల్ రకాలకన్నా వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది. ఆ తేడా చెప్పకుండా అమ్మేవాణ్ని నమ్మవద్దు.

సీసం నుంచి లిథియం దాకా ఇన్ని తరాల మార్పును చూశాక నా తీర్పు ఇది. బండిలోని ఇంటి అవసరాలకు లిథియం, సెల్ఫ్‌కు వేరే బ్యాటరీ, అది సీసమైనా సరే. హ్యాండిల్ పోయింది, ఆర్క్ దీపం పోయింది, అమీర్‌పేట సెల్లార్‌లోని ఆసిడ్ వాసన పోతోంది. ఆసుపత్రుల వాళ్లు పాటించిన నియమాన్ని మాత్రం ఏ రసాయనమూ రద్దు చేయలేదు. క్యారవాన్ కట్టించుకుంటున్న నిర్మాతలు, యజమానులు డబ్బు చెల్లించే ముందు రెండు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఈ బ్యాటరీ గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు ఎన్ని సెకన్లు ఇస్తుంది? జనరేటర్ సెల్ఫ్ వైరు ఏ బ్యాటరీకి వెళ్తుంది?