ఒక్క బల్బు మారితే నేలటూరులో ఏం మారుతుంది?

"ఒక్క లైటు ఆపితే ఏమొస్తుంది బ్రో?" అంటారు కదా, ఇవాళ ఆ లెక్కే చూద్దాం.

మన నెల్లూరు తీరంలో, కృష్ణపట్నం పోర్టు దగ్గర నేలటూరు ఉంది. అక్కడే జెన్‌కో వాళ్ల దామోదరం సంజీవయ్య థర్మల్ ప్లాంట్. 800 మెగావాట్ల యూనిట్లు మూడు. మూడోది 2022 అక్టోబరులో జాతికి అంకితమైంది. అన్నీ నడిచేది బొగ్గు మీదే.

పాత 60 వాట్ల బల్బు రోజుకి 5 గంటలు వెలిగితే ఏడాదికి దాదాపు 110 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీకి 16 చాలు. బొగ్గు ప్లాంట్‌లో ఒక యూనిట్‌కి 600 నుంచి 700 గ్రాముల బొగ్గు పోతుంది. అంటే ఒక్క బల్బు మారిస్తే సుమారు 60 కిలోల బొగ్గు మిగిలినట్టే!

మరి జనం ముందే ఎందుకు మార్చలేదు? రేటు. 2014లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక్కో ఎల్‌ఈడీ బల్బుని దాదాపు 310 రూపాయలకి కొన్నది. 2015 జనవరి 5న ఉజాలా పథకం దేశమంతా మొదలైంది. కోట్ల బల్బులు ఒకేసారి కొనేసరికి ఆ రేటు రెండు మూడేళ్లలో 40 రూపాయల లోపుకి పడిపోయింది. ఇప్పటికి 36 కోట్లకు పైగా బల్బులు పంచారు.

మన ఇంటికొచ్చిన కరెంటు ఏ ప్లాంట్‌దో వైరు చెప్పదు, గ్రిడ్ అంతా ఒకటే. కానీ కాల్చని బొగ్గుకి బూడిద కూడా ఉండదు. ప్లాంటు పక్కన బతికే ఊళ్లకి అది చిన్న విషయం కాదు.

ఇక ఫ్యాన్ వంతు. పాతది 75 వాట్లు, బీఎల్‌డీసీ అయితే దాదాపు 30. మీ ఇంట్లో ఎక్కువసేపు తిరిగే ఫ్యాన్‌తో మొదలుపెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!